మా ఇంటి మాట నాకు రాదన్నాను

పద్దెనిమిదేళ్ళుగా రెండు పదాలు మోస్తున్నాను. ఒక ఫారం మీద, నా చేతిరాతతో, నీలం సిరాతో రాసిన రెండు పదాలు. ఆ కాగితం ఇప్పుడు ఏ బీరువాలో ఉందో, చెదలు తిన్నాయో నాకు తెలియదు. పదాలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తొస్తాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గుర్తొస్తాయి. ఎవరైనా నన్ను మెచ్చుకుంటున్నప్పుడైతే మరీను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే మధ్యలోనే ఆపి ఓదారుస్తారు. "పోనీలే, కావాలని చేశావా ఏమన్నా" అంటారు. కావాలనే చేశాను. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుందేమోనని ఇక్కడే పెడుతున్నాను. చివరిదాకా వినండి, చాలు.

ముందు నా పని చెప్పాలి. బడిపిల్లల మనస్తత్వ నిపుణురాలిని. పేరు పెద్దది, పని మాత్రం బస్సులెక్కి దిగడమే. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బడులు తిరుగుతాను. చదువులో వెనకబడ్డ పిల్లల్ని టీచర్లు నా ముందు కూర్చోబెడతారు. నా సంచీలో చెక్క దిమ్మెలు, బొమ్మల అట్టలు, ప్రశ్నల పుస్తకం ఉంటాయి. ఆ పిల్లకు ఇబ్బంది చెవిలో ఉందా, కంటిలో ఉందా, బుద్ధిలో ఉందా, ఇంట్లో ఉందా, లేకపోతే బడిలోనే ఉందా, తేల్చి రాయాలి. ఊళ్ళల్లో నన్ను "పిచ్చి పిల్లోళ్ళ మేడం" అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తేనే బస్సు కండక్టరు ఆపుతాడు.

ఈ పనిలో మొదటి పాఠం ఒకటుంది. బడి భాషలో అడిగితే పిల్ల జవాబు చెప్పకపోతే, అదే ప్రశ్న ఇంటి భాషలో అడగాలి. అడిగిన తర్వాతే ఏదైనా రాయాలి. మా వైపు ఉర్దూ ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి రెండు భాషలూ వచ్చిన మనిషి కోసం చూశారు. నాకంటే మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళు ఇద్దరుండగా ఉద్యోగం నాకిచ్చింది అందుకే. నేను ముస్లింను. ఆదోనిలో పుట్టాను. మా ఇంట్లో మాట్లాడేది పుస్తకాల ఉర్దూ కాదు, దక్కనీ. దానికి మేమెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, మా మాట అనుకునేవాళ్ళం.

ఆ మాట అంటే నాకు సిగ్గు. ఇదిగో, ఇదీ చెప్పేశాను.

మా అబ్బా ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. సంచీ భుజానేసుకుని వీధి వీధి తిరిగేవాడు. ఆయన తెలుగులో ఆడా మగా తేడా ఉండేది కాదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి బడికొచ్చి, "నా బిడ్డ బాగా సదువుతాడా సార్" అని అడిగాడు. స్టాఫ్ రూం అంతా నవ్వింది. ఒక సారు, "చదువుతాడు సాయిబూ, మీసాలు కూడా వస్తాయి" అన్నాడు. అబ్బాకు అర్థం కాక ఆయన కూడా నవ్వాడు. తలుపు దగ్గర నిలబడ్డ నేను కూడా నవ్వాను. సార్ల వైపు నిలబడి నవ్వాను.

ఆ ఏడాది నుంచి తెలుగును పట్టుకున్నాను. పద్యాలు బట్టీ పట్టాను. రేడియో వార్తలు విని, వాళ్ళు ఎట్లా పలికితే అట్లా పలికాను. ణకు ణ, ళకు ళ. వక్తృత్వంలో బహుమతులు వచ్చాయి. అమ్మీ నాతో మా మాటలో మాట్లాడితే, బయట జనం ఉంటే, తెలుగులో జవాబు చెప్పేదాన్ని. ఆమె ఇంటికొచ్చాక అన్నం పెడుతూ మళ్ళీ మా మాటలోనే మొదలుపెట్టేది.

ఆ పిల్ల పేరు మారుస్తున్నాను. షాహీన్ అనుకోండి.

ఎమ్మిగనూరు శివార్లలో ఒక ప్రైమరీ బడి. నాకప్పుడు ముప్పై ఏళ్ళు, ఉద్యోగంలో చేరి ఏడాది. హెడ్ మేడం మగ్గాల ఇంటి బిడ్డ. వాళ్ళ నాన్న నేసిన చీరలే కట్టేది. మంచి మనిషి, ఆమె మీద తప్పు నెట్టడానికి ఇది రాయడం లేదు. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. గొంతు పోయేదాకా అరిచేది, పాపం. నేను వస్తున్నానని తెలిస్తే జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి నాకోసం కట్టుకొచ్చేది.

ఆ రోజు రొట్టె తుంచుతూ ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది. "నీ తెలుగు వింటే నువ్వు తురకల పిల్లవని ఎవురూ అనుకోరు పాపా. మా పిల్లోళ్ళకు గూడా అంత సక్కగా రాదు."

పొంగిపోయాను. ఆ మాటలో ఉన్న ముల్లు నాకు కనబడలేదా? కనబడింది. ముల్లు పక్కకు తీసి తీపి మాత్రం తిన్నాను. అట్లా తినడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

తర్వాత షాహీన్‌ను పిలిపించారు. తొమ్మిదేళ్ళ పిల్ల, మూడో తరగతి. తండ్రి సైకిల్ మీద గాజులమ్మేవాడు. ఆదోని నుంచి వచ్చి రెండేళ్ళయింది. అప్పటి నుంచి తరగతిలో నోరు తెరవలేదని హెడ్ మేడం చెప్పింది. "ఏం సెప్పినా గుడ్లప్పగించి సూస్తాది. నువ్వే తేల్చల్ల" అని, తను అక్కడే బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్లు రాసుకోసాగింది. పరీక్ష జరిగేటప్పుడు గదిలో వేరేవాళ్ళు ఉండకూడదు. బయటికి వెళ్ళమని ఆమెకు చెప్పాలి. రొట్టె పెట్టిన మనిషిని లేచి వెళ్ళమని ఎట్లా చెప్పను?

దిమ్మెలతో చేసే పనులు షాహీన్ బాగానే చేసింది. మాటల ప్రశ్నలు వచ్చేసరికి ఆగిపోయింది. తెలుగులో అడిగాను. చూసింది. ఇంకోసారి, మెల్లగా అడిగాను. చూసింది. ఇక ఉర్దూలో అడగాలి. అది నా పని. నా జీతం దానికే. నోటిదాకా వచ్చింది. బల్ల దగ్గర పెన్ను గీరుకుంటున్న శబ్దం వినబడుతోంది. ఇప్పుడు నేను ఆ మాట మాట్లాడితే ఆమె తలెత్తి చూస్తుంది. మా అబ్బా గొంతు నా నోట్లోంచి వస్తుంది. ఇంతసేపూ మెచ్చుకున్న మనిషి, "ఓహో, ఎంతైనా వాళ్ళల్లో మనిషే" అనుకుంటుంది. ఒక్క నిమిషం ఆగుదాం అనుకున్నాను. ఆ నిమిషంలో ఒక దిమ్మె జారి నా కాలి వేలి మీద పడింది.

"యా అల్లా" అన్నాను.

ఆ పిల్ల ముఖం చూసి ఉండాల్సింది మీరు. రెండేళ్ళుగా మూసి ఉన్న ముఖం విచ్చుకుంది. కుర్చీ అంచుకు జరిగి, రహస్యం అడిగినట్టు అడిగింది.

"ఆపా, తుమ్కు హమారే బాతాఁ ఆతే క్యా?"

అక్కా, నీకు మా మాటలు వస్తాయా అని. అంతే ఆ పిల్ల అడిగింది.

పెన్ను శబ్దం ఆగింది. "ఏమంటాంది?" అంది హెడ్ మేడం.

"ఏమో మేడం, నాకు అర్థం కాలేదు" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల వైపు తిరిగి, వార్తలు చదివే గొంతుతో, "నాకు ఆ మాటలు రావమ్మా. తెలుగులో చెప్పు" అన్నాను.

హెడ్ మేడం నవ్వింది. "సదువుకున్నోళ్ళు కదా, మరిసిపోయింటారు" అంది, గౌరవంగానే.

షాహీన్ నన్ను చూసింది. దిమ్మె పడ్డ కాలును చూసింది. మళ్ళీ నన్ను చూసింది. తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా అబద్ధం తెలుస్తుంది. కానీ పెద్దవాళ్ళు అబద్ధం చెప్పరని కూడా ఆ వయసులో అనుకుంటారు. రెండింట్లో ఆ పిల్ల ఏది నమ్మిందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. వెనక్కి జరిగి కూర్చుంది. ఆ తర్వాత ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. గడుల్లో సున్నాలు వేసుకుంటూ పోయాను.

ఇంతవరకే అయితే పిరికితనం అనుకోవచ్చు. కానీ తర్వాత ఇంకోటి జరిగింది. అది జరగకుండా ఉంటే, నాకు తెలియక రాశానని కనీసం నాకు నేనైనా చెప్పుకునేదాన్ని.

పని అయ్యాక వరండాలో చెప్పులేసుకుంటున్నాను. స్తంభం అవతల షాహీన్, వాళ్ళ చెల్లెలు కూర్చుని ఉన్నారు, అమ్మ కోసం చూస్తూ. షాహీన్ చెల్లెలికి ఏదో కథ చెబుతోంది. మా మాటలో. ఉగాది వెళ్ళిన మర్నాడు కైరుప్పలలో పిడకలతో కొట్టుకుంటారే, అది. వాళ్ళ దాదిమాది, అంటే నాయనమ్మది, ఆ పక్క ఊరే. పోయినేడు చూసి వచ్చిందట.

"ఇటు స్వామివాళ్ళు, అటు అమ్మవారివాళ్ళు. ఇద్దరికీ పెళ్ళి. కానీ ముందు గొడవ పడాలి" అంటోంది. దుమ్ము ఎట్లా లేచిందో చేతులతో చూపించింది. వాళ్ళ చిన్నాన్న, చాచా, తలకు తుండుగుడ్డ చుట్టుకుని గోడ చాటున నక్కితే ఒక పిడక వచ్చి ఆయన వీపునే వెతుక్కుందట. ఆయన దాన్ని తీసి తిప్పి చూసి, "అరె, ఇది మా అమ్మ చేసిన పిడకే, ఆమె వేళ్ళ అచ్చు ఉంది చూడు. మా పిడకతో మమ్మల్నే కొట్టారు" అన్నాడట. చెల్లెలు అడిగింది, దెబ్బ తగిలినవాళ్ళు ఏడవరా అని. షాహీన్ కొంచెం ఆలోచించింది. "ఏడవకూడదు. ఏడిస్తే పెళ్ళి ఆగిపోతుంది" అంది.

చెప్పు వంకతో అక్కడే వంగి చివరిదాకా విన్నాను. ఒక్క మాట కూడా వదల్లేదు. కథకు మొదలుంది, నడకుంది, నవ్వుంది. ఎవరెవరు ఎందుకు ఏం చేశారో అంతా వరసగా ఉంది. ఇరవై ప్రశ్నల పుస్తకం చెప్పలేనిది ఆ పిల్ల చెల్లెలికి చెప్పింది. దానికి బుద్ధి తక్కువ లేదని వరండాలో, చెప్పు సగం వేసుకుని, నాకు తెలిసిపోయింది. ఫారం ఇంకా నా సంచీలోనే ఉంది. సంతకం పెట్టలేదు. వెనక్కి పోయి, "మేడం, ఇంకోసారి చూస్తాను" అంటే అయిపోయేది.

వాళ్ళ అమ్మ వచ్చింది. బురఖా అంచు తడిసి ఉంది. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. హెడ్ మేడం ఆమెకు గట్టిగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. "ఇంట్లో ఆ మాట మాట్లాడొద్దండమ్మా. తెలుగే మాట్లాడండి. అప్పుడే పాపకు బుద్ధి వస్తాది." ఆమె నా వైపు చూసింది, ఏమంటున్నారని. నేను తలూపాను. నా చదువంతా ఆ సలహా తప్పని చెబుతుంది. అయినా తలూపాను.

ఎమ్మిగనూరు బస్టాండులో ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపాను. తేలికపాటి బుద్ధిమాంద్యం అని రాశాను. కింద ఒక గడి ఉంటుంది, ఏ భాషలో పరీక్షించారు అని. తెలుగు అని మాత్రమే రాస్తే ఆఫీసులో అడుగుతారు, రెండోది మీకు వచ్చు కదా ఎందుకు చేయలేదు అని. దానికి నా దగ్గర చెప్పుకోగలిగిన జవాబు లేదు. అందుకని రాశాను. తెలుగు, ఉర్దూ.

అవే ఆ రెండు పదాలు.

ఆ కాగితం పట్టుకుని షాహీన్‌ను ఆ బడి నుంచి తీసి ప్రత్యేక పిల్లల కేంద్రంలో వేశారు. అక్కడ రంగులేయించి, పూసలు గుచ్చించి పంపేవాళ్ళు. కొన్ని నెలలకు తండ్రి మాన్పించేశాడని విన్నాను. రెండేళ్ళ తర్వాత ధైర్యం చేసి వాళ్ళ వీధికి పోయాను. వాళ్ళు గోనెగండ్ల వైపు వెళ్ళిపోయారని పక్కింటామె చెప్పింది. నాకు ఏమనిపించిందో అడగండి. బాధ కాదు, హమ్మయ్య అనిపించింది. తిరుగు బస్సులో చెనిక్కాయలు కొనుక్కుని తిన్నాను కూడా.

ఆ తర్వాత ఉర్దూ పిల్లలందరినీ మా మాటలోనే పరీక్షించాను. ఒక్కరిని కూడా వదల్లేదు. అయితే గది తలుపు వేసుకుని, గొంతు తగ్గించి. పిల్లలు గలగలా మాట్లాడేవాళ్ళు. "మేడం చేతిలో ఏదో మహిమ ఉంది" అని టీచర్లు అనేవాళ్ళు. ఒకసారి మీటింగులో శాలువా కప్పారు. శాలువా భుజాల మీద ఉన్నంతసేపూ నాకు ఆ కుర్చీ అంచుకు జరిగిన పిల్ల కనబడుతూనే ఉంది. ఒకరికి చేసినదాన్ని వందమందికి చేసిన మంచితో మాపుకోవచ్చా? నేను మాపుకోవడానికే చూశాను. పోలేదు.

అమ్మీ పోయి అయిదేళ్ళయింది. అబ్బా అంతకు చాలా ముందే. నేను పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు బళ్ళారిలో ఉంటాడు, వాడి పిల్లలు కన్నడం మాట్లాడతారు, ఫోన్లో నాతో "అత్తా, హేగిద్దీరా" అంటారు, ఎట్లా ఉన్నారని. ఆదోనిలో మేడ మీద రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటాను. కింద ఇంటివాళ్ళు మంచివాళ్ళు, తెలుగువాళ్ళు. బడిపిల్లలతో ప్రశ్నలూ జవాబులూ తప్ప, మా మాటలో ఊరికే మాట్లాడే మనిషి నాకు ఈ లోకంలో లేరు. తిన్నావా, ఏం వండావు, కాళ్ళు నొప్పులా అని అడిగే మనిషి. ఒక్కోసారి కుక్కర్‌తో మాట్లాడతాను, "అరె చుప్, బస్ కర్" అని. నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. అమ్మీ ఉన్నన్నాళ్ళూ జనంలో ఆమెకు తెలుగులో జవాబు చెప్పాను కదా. ఇప్పుడు ఎంత అడిగినా అటునుంచి జవాబు రాదు. దీన్ని శిక్ష అనుకుంటే నాకు బాగుండేది. శిక్ష పడిందంటే లెక్క తీరినట్టే కదా. కానీ ఇది శిక్ష కాదు, ఒంటరితనం. చాలామందికి ఉండేదే.

పోయిన నెల ఎమ్మిగనూరులో శిబిరం పెట్టాం. వరండా నిండా తల్లులు, పిల్లలు. మధ్యాహ్నం ఒకామె అయిదేళ్ళ ఆడపిల్లను తీసుకుని గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. పాప మాట్లాడటం లేదని అంగన్వాడీ టీచరు చెప్పిందట. ఆమె తెలుగు చేలల్లో పండిన తెలుగు, ఒక్క తడబాటు లేదు.

"నన్ను గుర్తుపట్టినారా మేడం?" అంది.

పట్టలేదన్నాను.

"సిన్నప్పుడు ఈడ బళ్ళో మీరే సూసినారు నన్ను. బుద్ధి తక్కువుండాదని రాసినారే, ఆ షాహీన్‌ను." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఏ ఊరి మనిషినో చెప్పుకున్నట్టు చెప్పింది. "పత్తి ఏరను పోయి తెలుగు నేర్సుకున్యా. ఒక్క ఏడాదిలో వచ్చేసింది. మీకు మా మాట రాదు కదా, యాదుండాది నాకు. అందుకే పాపకు గూడా తెలుగే నేర్పిస్తాండా. మా అత్త ఆ మాటలో పలకరిస్తే నేను వద్దంటా. మీరు ఏమడిగినా తెలుగులోనే అడగండి."

అంటే ఆ పిల్ల నన్నే నమ్మింది. పద్దెనిమిదేళ్ళు నమ్మింది.

ఆమె కుర్చీలో కూర్చుని పాపను ఒళ్ళోకి లాక్కుంది. కాసేపు పాప జుట్టు సవరించింది. అప్పుడు అడిగింది. "నా మాదిరే ఐతాదా మేడం? ఐతే ఐతాదని ఇప్పుడే సెప్పండి. దాసొద్దండి."

గుమ్మడికాయల దొంగలా ఇన్నాళ్ళు భుజాలు తడుముకుంటూ తిరిగాను. కానీ ఈ ప్రశ్న వస్తుందని ఎన్నడూ ఊహించలేదు. ఆ రెండు పదాలు ఒక పిల్ల చదువు తీశాయని మాత్రమే అనుకున్నాను. అవి ఆమె ఇంట్లో కాపురం పెట్టి, ఆమె బిడ్డ నోరు కూడా మూశాయని నాకు తెలియదు.

లేచాను. దగ్గరగా వేసి ఉన్న తలుపు బార్లా తీశాను. వరండాలో కూర్చున్నవాళ్ళందరికీ నేను కనబడుతున్నాను. వచ్చి పాప ముందు నేల మీద కూర్చున్నాను. మా మాటలో, గొంతు తగ్గించకుండా, నీ పేరేంటి బేటీ అని అడిగాను. దాదిమా నీకు ఏం కథలు చెబుతుంది అని అడిగాను.

పాప తల్లి వైపు భయంగా చూసింది. తర్వాత నా వైపు చూసింది. తర్వాత చెప్పింది. పేరు చెప్పింది. దాదిమా దగ్గర ఒక మేక ఉందని, దానికి ఒక చెవి లేదని, అది దాదిమా తమలపాకులు తినేస్తుందని చెప్పింది. దాదిమా తిడితే లేని చెవి వైపు తిరిగి నిలబడుతుందట, వినబడనట్టు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడవలేదు.

పాప జుట్టు సవరిస్తున్న షాహీన్ చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది.

"మీకు వస్తాదా?" అంది.

వస్తుందన్నాను.

"అప్పుడు గూడా వస్తాండెనా?"

అప్పుడూ వచ్చు అన్నాను. ఇక ఆపుకోలేదు. ఆమెకు మా మాటలోనే చెప్పాను. మా ఇంటి మాటే అది, పుట్టినప్పటి నుంచి వచ్చు. ఆ కాగితం అబద్ధం. నీకు బుద్ధి తక్కువ లేదు, ఆ రోజే లేదు, వరండాలో నువ్వు చెప్పిన పిడకల కథ అంతా విన్నాను. ఇంట్లో మాట మానేయమన్నది కూడా తప్పు. నీ బిడ్డకు ఏమీ కాలేదు, రెండు మాటలూ మాట్లాడనియ్యి. నాకు సిగ్గేసి నీతో రాదని చెప్పాను.

ఆమె తెలుగులోనే అడిగింది. "ఎవురిని సూసి సిగ్గు?"

హెడ్ మేడంను చూసి అనబోయాను. అది సగం నిజం. అబ్బాను చూసి అనబోయాను. అది ఇంకా చెడ్డ నిజం.

పాపను ఒళ్ళోంచి దించుతూ ఆమె, "ఇప్పుడు సెప్తాండారు" అంది. అంతే అంది. తిట్టి ఉంటే పట్టుకోవడానికి నాకు ఏదో ఒకటి దొరికేది.

పాప చెప్పులు వెతికి తొడిగింది. "కాయితం రాయండి మేడం. గోనెగండ్ల బస్సు పోతాది." రాశాను. కింద ఆ గడి ఇప్పటికీ ఉంది. తెలుగు, ఉర్దూ అని రాశాను. అదే సిరా, అవే పదాలు.

ఆమె కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదవడం రాదు. ఎందుకు రాదో నాకు తెలుసు. కాగితం మళ్ళీ నా చేతికిచ్చింది. "సదివి సెప్పండి" అంది. మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చదివి చెప్పాను. ఆమె వింది. కదల్లేదు.

"మా మాటలో గూడా సెప్పండి. రెండూ ఒకటే ఉంటే అప్పుడు తీసుకుంటా."

మా మాటలో మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తలుపు తెరిచే ఉంది. ఆమె కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి, కొలత తూకం చూసుకునే మనిషిలాగా. అయిపోయాక కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని పోయింది. నాతో మా మాటలో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. వరండా మెట్లు దిగుతూ పాపతో ఏ మాటలో మాట్లాడుతుందోనని చెవులు రిక్కించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. పాప ఒక్కతే మేక గురించి చెబుతూ పోయింది.

మర్నాడు ఆఫీసుకు పోయి, పాత రిపోర్టు ఒకటి తప్పు రాశాను, సరిచేయాలి అన్నాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నేండ్ల కిందటి కాయితాలు యాడుంటాయి మేడం? ఇడిసిపెట్టండి" అన్నాడు. ఉత్తరం రాసి ఇచ్చాను. తీసుకుని ఏదో ఫైలు కింద పెట్టాడు.

కాగితం లేదు కాబట్టి తప్పు లేదా? లేదనుకోవడానికి నేను రెండు రోజులు ప్రయత్నించాను. మూడో రోజు ఇది రాయడం మొదలుపెట్టాను. షాహీన్ నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆమె మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. పాపను దాదిమాతో మాట్లాడనిస్తోందో లేదో తెలియదు. నాకు తెలియాల్సిన పని కూడా లేదేమో.

ఈ రాసిందంతా ఇప్పుడు సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఒకసారి పైకి చదివాను. తెలుగులో చదివాను. తర్వాత మా మాటలో చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా, గొంతు తగ్గించకుండా. రెండూ ఒకటే ఉన్నాయి. కింద ఇంటావిడ బట్టలు తీస్తూ తలెత్తి చూసింది, ఎవరొచ్చారు అని అడిగింది.

ఎవరూ రాలేదండీ, నేనే మాట్లాడుతున్నాను, అది మా ఇంటి మాట అన్నాను.